వెనిగర్ టైట్రేషన్: ఫినాఫ్తలీనా, పీహెచ్ మీటరా?

వెనిగర్‌లో ఆమ్లం ఎంతుందో, క్షారం కొద్దికొద్దిగా కలుపుతూ కొలవడమే టైట్రేషన్. ఆమ్లం అయిపోయిందని ఫినాఫ్తలీన్ అనే సూచిక రంగు మారి చెబుతుంది, లేదా పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) కొలిచే మీటరు చూపిస్తుంది. తెల్ల వెనిగర్ అయితే నా ఓటు ఫినాఫ్తలీన్‌కే. 5 శాతం వెనిగర్‌ను పది రెట్లు పలుచన చేసి 10 మి.లీ. తీసుకుంటే, 0.1 మోలార్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ (ఇదే క్షారం) దాదాపు 8.3 మి.లీ. పడుతుంది. ఆమ్లం మొత్తం అయిపోయే చోట పీహెచ్ 8.5 ప్రాంతంలో ఉంటుంది, ఫినాఫ్తలీన్ రంగు తిరిగేదీ అక్కడే. ఒక్క చుక్కకి లేత గులాబీ వచ్చి అర నిమిషం నిలిస్తే బ్యూరెట్ (క్షారాన్ని చుక్కలుగా వదిలే కొలత గొట్టం) ఆపేయాలి. ముదురు గులాబీ వచ్చిందంటే క్షారం ఎక్కువ పడినట్టే. మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో సూచిక జోలికి మాత్రం పోవద్దు, సగం ఆమ్లం కూడా తటస్థం కాకముందే రంగు మార్చేస్తుంది.

పీహెచ్ మీటరుతో పని నిదానం. ముందు బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) మీటరును క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరిచూసుకోవాలి, తర్వాత రీడింగులు రాసుకుని గ్రాఫ్ గీయాలి. కానీ బాల్సమిక్ లాంటి నల్లటి వెనిగర్‌లో గులాబీ ఎక్కడ కనపడుతుంది? అక్కడ మీటరే దిక్కు.