ఈత, కూర్చుని ఆడే వాలీబాల్, బోచ్చా: డెల్టా పిల్లలకు ఏది మేలు?

వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఫిజియోథెరపీ కోసం పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు, డ్రిల్లు మాస్టారినని తెలిసి నన్ను అడిగేది ఒకటే. "మావాడికి ఏ ఆటయితే బాగుంటదండి?" కాలు ఎంత పనిచేస్తుంది, చేతికి ఎంత పట్టుంది అన్నది సగం సమాధానం. ఎవరితో కలిసి ఆడతాడన్నది మిగతా సగం. నా లెక్కలో అదే పెద్ద సగం.

కోనసీమలో అందరి నోటా ముందు వచ్చేది ఈత. చుట్టూ నీళ్లే కదా అంటారు. నీళ్లు చేసే మేలు నిజంగానే గొప్పది. నడుము లోతులో ఒంటి బరువు దాదాపు సగమే కాళ్ల మీద పడుతుంది. కాలిపర్ (కాలికి కట్టే ఊత) లేకుండా గట్టు మీద నిలబడలేని పిల్ల నీళ్లలో నిలబడగలదు. పెద్ద పోటీల్లో కూడా కృత్రిమ కాలు తీసేసే దిగాలి, ఉన్న ఒంటితోనే ఈదాలి. మన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం వచ్చింది కూడా ఈతలోనే, 1972లో హైడెల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్ 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో గెలిచారు.

కానీ మన పంటకాలువ ఈతకొలను కాదు. వాలుగా, పాచిపట్టి ఉండే గట్టు, లోపల లాగే నీళ్లు, ఒడ్డున అల్లుకున్న గుర్రపుడెక్క. చేతులతో పాకే పిల్లాడికి అక్కడ దిగడమే గండం. పైగా పిల్లలకు సెలవులుండే వేసవిలోనే కాలువలు కట్టేస్తారు. చెరువులా అంటే, చాలావరకు చేపలకో రొయ్యలకో ఇచ్చేశారు. ఇక మిగిలింది పట్నంలోని పూల్, అంటే రోజూ బస్సు, వెంట ఒక మనిషి, ఆ మనిషికి ఒక పూట కూలి పోవడం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా ఆడకపోవడం) ఉన్న పిల్లల్లో చాలామందికి మూర్ఛ కూడా ఉంటుంది, డాక్టర్ని అడగకుండా నీళ్లలోకి దింపకూడదు. పూల్ దగ్గర్లో ఉండి, నేర్పే మనిషి చెయ్యందేంత దూరంలో ఉంటే ఈత కన్నా మంచిది లేదు. ఆ రెండూ లేకపోతే ఈత ఆశ పెట్టకండి.

చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ టీవీలో చూసి ముచ్చటపడతారు. దానికి ప్రత్యేకమైన కుర్చీ, నున్నటి కోర్టు కావాలి. వానాకాలంలో మన మట్టిలో మామూలు మూడు చక్రాల బండే కదలదు. బ్యాడ్మింటన్ వేరే సంగతి. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ పుణ్యమా అని ఆ ఆట మోజు ఇక్కడ బాగానే ఉంది. కాళ్లు బాగుండి ఒక చేతికి లోపమున్న పిల్లలకు ఆలోచించక్కర్లేదు, అదే పెట్టండి. పారా బ్యాడ్మింటన్‌లో వాళ్లకంటూ విడిగా ఒక పోటీ విభాగం ఉంది.

నా ఓటు మాత్రం కూర్చుని ఆడే వాలీబాల్‌కి. కోర్టు 10 మీటర్లు బై 6 మీటర్లు, నెట్ ఎత్తు మగవాళ్లకు 1.15 మీటర్లు, ఆడవాళ్లకు 1.05. బడి వరండా స్తంభాలకు పాత వల కట్టినా సరిపోతుంది. బంతి తాకేటప్పుడు పిర్రలు నేల వదలకూడదన్నది అసలు నియమం. ఇక్కడే ఉంది కిటుకు. కాళ్లు బాగున్న పిల్లల్ని కూడా నేల మీద కూర్చోబెట్టండి. చేతులతో నేలను తోసుకుంటూ జరగడం వాళ్లకు రాదు, బంతి పక్కన పడుతుంటే చూస్తూ ఉండిపోతారు. పుట్టినప్పటినుంచీ ఇంట్లో అలాగే తిరిగిన పిల్లాడు మాత్రం చటుక్కున అందుకుంటాడు. "ఎలా జరిగావురా? నాకూ చెప్పరా" అని తోటివాడు అడుగుతాడు. ఇన్నాళ్లూ నలుగురిలో దాచుకున్న ఆ పాకుడే అక్కడ పనితనం అవుతుంది. పెద్దవాళ్లు వంద మెచ్చుకోళ్లు చెప్పినా, ఈడువాడు అడిగిన ఆ ఒక్క మాటకు సాటిరావు.

ఒక్క జాగ్రత్త. నడుము కింద స్పర్శ తెలియని పిల్లలకు సిమెంటు నేల ఒరుసుకుని పుండ్లు పడతాయి, నొప్పి తెలియదు కాబట్టి చెప్పరు. ధాన్యం ఆరబోసే బరకం మడతలు లేకుండా పరిచి, మందపాటి లాగు వేసి, ఆట అయ్యాక తల్లి ఒళ్లు చూడాలి.

చేతులు కూడా సరిగా ఆడని పిల్లలకు వాలీబాల్ కుదరదు. వాళ్లకోసమే బోచ్చా ఉంది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఆడుతున్నారు. ముందుగా వేసిన తెల్ల బంతికి ఎవరి బంతి దగ్గరగా చేరితే వాళ్లది గెలుపు. విసరలేనివాళ్లు వాలు మీదనుంచి దొర్లించవచ్చు, నిలువునా చీల్చిన పీవీసీ గొట్టంతో ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఇలా దొర్లించేవాళ్ల విభాగంలో సహాయకులు కోర్టుకు వీపు తిప్పి కూర్చోవాలి, వెనక్కి చూడకూడదు. గొట్టం ఎటు తిప్పాలో, ఎంత ఎత్తాలో పిల్లాడే చెప్పాలి. అన్నం, స్నానం, బట్టలు అన్నీ ఇంకొకరు నిర్ణయించే పిల్లాడికి, అమ్మ తన మాట ప్రకారం కదలడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అమ్మలకు ఇదే కష్టం. వెనక్కి తిరిగి సర్దబోతారు. వద్దమ్మా, తప్పు వేస్తే వెయ్యనివ్వండి.

నలుగురిలోకి రావడానికి బాగా బెదిరే పిల్లలకు మొదట కూర్చుని విసిరే షాట్‌పుట్ మంచిది. 2016లో రియోలో దీపా మలిక్ రజతం గెలిచింది అందులోనే. ఎంత దూరం వేశాడో టేపు చెబుతుంది, నిన్నటి తనతోనే పోటీ. అయితే అది ఒంటరి ఆట. కాస్త ధైర్యం రాగానే జట్టులోకి మార్చండి.

వీటిలో ఏది ఎంచుకున్నా, ముందు ఒక పని చేయండి. డ్రిల్లు పీరియడ్‌లో మీ పిల్లాడు ఎక్కడుంటున్నాడో కనుక్కోండి. చాలా బళ్లలో ఆ గంటసేపు అందరి పుస్తకాల సంచులకు కాపలా కూర్చోబెడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలోనూ, ప్రభుత్వ సాయంతో నడిచే బడిలోనూ మిగతా పిల్లలతో సమానంగా ఆటలాడే అవకాశం ఇవ్వాలి. ఆ మాట హెడ్మాస్టారికి చెప్పి, వారంలో ఒక్క పీరియడ్ క్లాసంతా కింద కూర్చుని ఆడేలా అడగండి.