స్కార్‌ఫేస్ ఆల్బమ్స్‌లో ఏది గొప్ప: 'ది డైరీ'నా, 'ది ఫిక్స్'నా?

హ్యూస్టన్ ర్యాపర్ స్కార్‌ఫేస్ గురించి మాట్లాడితే చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తాం. నా ఓటు మాత్రం 1994లో వచ్చిన 'ది డైరీ'కే.

ఎందుకంటే అందులో 'ఐ సీన్ ఎ మ్యాన్ డై' ఉంది. జైలు నుంచి బయటికొచ్చి మారాలనుకున్న మనిషి చివరికి చావు అంచున ఎలా ఉంటాడో, పక్కనే కూర్చుని చూస్తున్నట్టు, గొంతు పెంచకుండా నెమ్మదిగా చెప్తాడు, ఎన్నిసార్లు విన్నా ఆ పాట దగ్గర నాకు వేరే పని చేయబుద్ధి కాదు. మైక్ డీన్, ఎన్.ఓ. జో కలిసి చేసిన సంగీతం కూడా అంతే, బరువైన బేస్, ఆర్గాన్, గిటార్, అచ్చం అమెరికా దక్షిణాది చర్చి వాసన.

'ది ఫిక్స్' 2002 నాటిది. అప్పటికి ఆయన డెఫ్ జామ్ అనే మ్యూజిక్ కంపెనీ దక్షిణాది శాఖ డెఫ్ జామ్ సౌత్‌కి అధ్యక్షుడు, చేతిలో పెద్ద పరిచయాలున్నాయి. కాన్యే వెస్ట్ బీట్ మీద జే-జీతో 'గెస్ హూస్ బ్యాక్' అదిరిపోతుంది. 'ఆన్ మై బ్లాక్' ఐతే పియానో మొదలవగానే వాడ మొత్తం కళ్ల ముందుకొస్తుంది. ద సోర్స్ అనే హిప్-హాప్ పత్రిక దీనికి ఐదు మైకులిచ్చింది, అంటే వాళ్ల రేటింగ్‌లో ఫుల్ మార్కులు, న్యాయమే. కొత్తగా వినేవాళ్లకి నేనూ ముందు ఇదే ఇస్తాను, సౌండ్ శుభ్రంగా ఉంటుంది, త్వరగా ఎక్కుతుంది.

కానీ 'ది డైరీ'లో ఉన్న భయం ఇందులో లేదు. ఇక్కడ గెలిచినవాడు వెనక్కి చూసి చెప్తున్నాడు, అక్కడ ఇంకా బయటపడనివాడు మాట్లాడుతున్నాడు. నాకు ఆ రెండోవాడే కావాలి.