ఫ్రెంచ్ సూపర్‌మార్కెట్ల కార్డులు కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. ఫ్రాన్స్‌లో సూపర్‌మార్కెట్ కార్డు తీసుకుంటే ఖర్చేమీ లేదు, నష్టమూ లేదు. కార్డులో డబ్బు పడుతుంది కదా అని అవసరం లేనిది కొన్నప్పుడే లెక్క తిరగబడుతుంది. ప్యారిస్‌కి దక్షిణాన ఉన్న ఒక శివారులో కాపురం పెట్టినప్పటి నుంచి కార్‌ఫూర్, లక్లేర్, ఓషాన్, ఇంటర్‌మార్షే, మోనోప్రీ కార్డులు, లిడిల్ యాప్ అన్నీ వాడాం. కొన్ని వదిలేశాం. చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చే మనవాళ్లు వాట్సాప్‌లో ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి తెలిసినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

మన దగ్గర ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది. డీమార్ట్‌కి వెళ్తే ఎమ్మార్పీ ఎంత, వాళ్లు తగ్గించింది ఎంత అన్నది తెలుస్తుంది, ఆ తగ్గింపు అక్కడికక్కడే దక్కుతుంది. ఏ కార్డూ అడగరు. ఫ్రాన్స్‌లో ఎమ్మార్పీ అనేదే లేదు. 1986 డిసెంబర్‌లో వచ్చిన ఆర్డినెన్స్ నుంచి, పుస్తకాల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ధర పెట్టుకోవడం దుకాణదారు ఇష్టం. అందుకే అదే కాఫీ ప్యాకెట్ ఈ వీధిలో ఒక ధర, పై వీధిలో ఒక ధర. ఇంత శాతం తగ్గింపు అని బోర్డు పెడితే, అసలు దేని మీద తగ్గించారో ప్యాకెట్ చూసి చెప్పలేం. కార్డుల గురించి ఏం తెలుసుకోవాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

చాలా పెద్ద గొలుసుల్లో (ఒకే పేరుతో ఊరూరా ఉండే దుకాణాలు) కార్డు చూపించగానే బిల్లు తగ్గిపోదు. మొత్తం కట్టాల్సిందే. కొన్ని సరుకుల మీద వచ్చిన లాభం మాత్రం యూరోల్లో మీ ఖాతాకు చేరుతుంది. అలా పోగైన సొమ్మును కాన్యోత్ అంటారు. లక్లేర్‌లో అయితే టికెట్ లక్లేర్, సూపర్ ఉ దుకాణాల్లో కార్త్ ఉ యూరోలు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. మళ్లీ అదే గొలుసులో కొన్నప్పుడు బిల్లులోంచి తీసేయమని అడగాలి. నగదుగా ఇవ్వరు, పక్క దుకాణంలో చెల్లదు. ఊళ్లో కిరాణా కొట్లో ఖాతా పెట్టుకున్నట్టే, కాకపోతే ఇక్కడ బాకీ పడేది కొట్టువాడు.

ఇప్పుడు అసలు చిక్కు, వారం వారం వచ్చే ప్రకటనల పుస్తకం. (లక్లేర్ 2023 సెప్టెంబర్‌లో వీటిని ఇంటింటికీ పంచడం మానేసింది. ఇప్పుడు ఫోన్‌లోనే చూడాలి.) కాఫీ ప్యాకెట్ బొమ్మ పక్కన ఎర్ర రంగులో పెద్ద అంకెలతో 3.96 అని ఉందనుకోండి. దాని కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో 'ప్రీ పేయే ఆన్ కేస్' (కౌంటర్‌లో కట్టే ధర) అని రాసి 6.00 అని ఉంటుంది. కౌంటర్ దగ్గర మీరు కట్టేది చిన్న అక్షరాల్లో ఉన్న ఆ 6.00. అందులో 2.04 తర్వాత కార్డులో పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు షెల్ఫ్ మీద చీటీ చూసేటప్పుడు ముందు వెతకాల్సింది ఈ 'కేస్' అన్న మాటనే. ఇంకో లెక్క కూడా చూడండి. ఇవాళ 6 యూరోలు కట్టి, రేపు ఆ 2.04తో ఇంకేదో కొంటే, 8.04 యూరోల సరుకు మీకు 6కి వచ్చినట్టు. అంటే తగ్గింపు పాతిక శాతం చిల్లర. బోర్డు మీద ఉన్నది మాత్రం 34.

ఈ 34 అన్న అంకె ఏ దుకాణానికి వెళ్లినా ఎదురవుతుంది. దానికి కారణం ఒక చట్టం. రైతుకు గిట్టుబాటు ధర దక్కాలని, ధరలు కోసుకునే పోటీ తగ్గించాలని ఎగలీమ్ చట్టం తెచ్చారు. దాని కింద 2019 నుంచి ఆహార పదార్థాల మీద ప్రమోషన్ అమ్మకపు ధరలో 34 శాతం దాటకూడదు. వెంటనే ఇచ్చే తగ్గింపైనా, కార్డులో తర్వాత వేసే డబ్బైనా ఇదే హద్దు. అందుకే ఇక్కడ బిస్కెట్ల మీద ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే ఆఫర్ కనపడదు, రెండు కొంటే ఒకటి ఉచితం అనేది కనపడుతుంది. రెండో ప్యాకెట్ మీద 68 శాతం అని రాసినా కంగారు పడక్కర్లేదు, రెంటికీ సమానంగా పంచితే ఒక్కోదానికి మళ్లీ 34. ఒకప్పుడు బట్టల సబ్బు, షాంపూల మీద 60, 70 శాతం దాకా కార్డులో వేసేవారు. 2024 మార్చి 1 నుంచి వాటికీ ఇలాంటి పరిమితి వచ్చింది. మా బిల్డింగ్‌లో ఉండే పాతకాలపు ఫ్రెంచ్ ఆవిడ ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుని నిట్టూరుస్తుంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఆహారం విషయంలో ఏ గొలుసు అయినా ఇచ్చే పెద్ద ఆఫర్ ఇంచుమించు ఒకటే. తేడా అంతా అసలు ధరలోనే. షెల్ఫ్ చీటీ మీద కిలో ధర, లీటరు ధర చూపించడం ఇక్కడ తప్పనిసరి. చిన్న అంకెలే కానీ కార్డు ప్రకటన కంటే అవే నిజం చెబుతాయి. కంపెనీ కాఫీ మీద 34 శాతం కార్డులో వేసుకున్నాక కూడా, కిలో లెక్కన చూస్తే దుకాణం సొంత బ్రాండ్ కాఫీయే చవకగా తేలడం నేను చాలాసార్లు చూశాను. లక్లేర్‌లో ఆ సొంత బ్రాండ్ పేరు మార్క్ రపేర్, కార్‌ఫూర్, సూపర్ ఉ లాంటివి తమ పేరుతోనే అమ్ముతాయి. పాలు, సన్‌ఫ్లవర్ నూనె, పెరుగు, గోధుమపిండి, టిష్యూలు ఇవే కొంటాం. రుచిలో తేడా మా ఇంట్లో ఎవరూ పట్టలేదు, ఒక్క టీ పొడి తప్ప. టీ పొడి విషయంలో రాజీ లేదు.

మాది శాకాహారం ఇల్లు. ఆఫర్ల పుస్తకంలో సగం పేజీలు మాంసం, హామ్, చేపలు, వైన్, చీజ్. వాటిని తీసేస్తే మాకు పనికొచ్చేవి కాఫీ, తృణధాన్యాలు, చాక్లెట్, సబ్బులు, డైపర్లు. కూరగాయల మీద కార్డు లాభం ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఇక బియ్యం, కందిపప్పు, చింతపండు, కరివేపాకు కోసం ప్యారిస్‌లో లా షాపెల్ వైపు ఉన్న తమిళ కొట్లకు వెళ్లాల్సిందే. అక్కడ కార్డూ లేదు, కాన్యోతూ లేదు. పెద్ద సంచి కొంటే చవక, అంతే. సూపర్‌మార్కెట్‌లో నారింజ రంగులో కనపడే పప్పు మైసూరు పప్పే, పప్పుచారుకు బాగానే ఉంటుంది. అందువల్ల సహోద్యోగికి ఏడాదికి కార్డులో ఎంత పడిందో విని మనకూ అంతే పడుతుందనుకోకండి. మాంసం, చీజ్ ఎక్కువగా కొనే ఇంటికి, మన వంటింటికి ఆ లెక్క ఎప్పుడూ కలవదు. మా ఆవిడ దీన్ని మొదట్లోనే తేల్చేసింది. "ఏవండీ, ఆ రెండు యూరోల కోసం మూడు డబ్బాల కార్న్‌ఫ్లేక్స్ ఎవరు తింటారు?"

కార్డు తీసుకోవడం తేలిక. పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్, ఫోన్ నంబర్, అడ్రస్ సరిపోతాయి. రెసిడెన్స్ పర్మిట్ అడగరు, ఫ్రెంచ్ బ్యాంకు ఖాతా అక్కర్లేదు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారుగా ఉంటే ఇక్కడ గొడవేమీ లేదు, ఈమెయిల్ సరిగ్గా రాస్తే చాలు. జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట. కొన్ని గొలుసులు లాయల్టీ కార్డుతో పాటు సొంత పేమెంట్ కార్డు కూడా అమ్ముతాయి. కార్‌ఫూర్‌లో దాన్ని పాస్ కార్డు అంటారు. స్టాండ్ దగ్గర నిలబడిన వాళ్లు లాభాల గురించి గబగబా చెబుతారు, మన ఫ్రెంచ్ అంతంత మాత్రం. అప్పు ప్రకటనలో తప్పక ఉండాల్సిన ఒక వాక్యాన్ని 2010 నాటి లగార్ద్ చట్టం పెట్టింది. అప్పు మిమ్మల్ని బాధ్యుణ్ణి చేస్తుంది, దాన్ని తీర్చాలి అన్నది దాని సారాంశం. మీకిచ్చిన కాగితం మీద 'క్రెదీ' (అప్పు) అన్న మాట కనపడిందంటే అది ఉచిత లాయల్టీ కార్డు కాదు. ఇంటికి తీసుకెళ్లి చదివి, అప్పుడు ఆలోచించండి. కొత్తగా వచ్చి, ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉండగా అలాంటి కార్డు నాకైతే అవసరం అనిపించలేదు.

ప్లాస్టిక్ కార్డు ఇస్తే తీసుకోండి కానీ యాప్ కూడా పెట్టుకోండి. పోగైంది ఎంత, గడువు ఎప్పటి వరకు అన్నవి అందులోనే తెలుస్తాయి. గడువు నియమాలు ఒక్కో గొలుసుకు ఒక్కోలా ఉంటాయి, మారుతుంటాయి కూడా. నేను పది యూరోలు దాటగానే వాడేస్తాను, దాచుకుంటే వడ్డీ ఏమీ రాదు. లిడిల్ యాప్‌లో ఇంకో మెలిక ఉంది. కూపన్లను ముందే నొక్కి యాక్టివేట్ చేస్తేనే పనిచేస్తాయి. లైన్లో నిలబడి, సిగ్నల్ లేని బేస్‌మెంట్‌లో ఆ పని పెట్టుకుంటే వెనకవాళ్ల చూపులు భరించాలి. కార్డు కౌంటర్‌లో ముందే స్కాన్ చేయించండి, బిల్లు మూసేశాక చాలా చోట్ల ఎక్కించరు. ఇంకొకటి, 2023 ఆగస్టు 1 నుంచి ఫ్రాన్స్‌లో బిల్లు దానంతటదే ప్రింట్ కాదు, అడిగితేనే ఇస్తారు. అడగండి. కార్డులో ఎంత పడిందో బిల్లు చివర ఉంటుంది. పైగా మనమే స్కాన్ చేసుకునే మెషీన్ల దగ్గర, చాలా దుకాణాల్లో ఆ చీటీ మీద బార్‌కోడ్ చూపిస్తేనే బయటి గేటు తెరుచుకుంటుంది.

బిల్లు అడగమనడానికి ఇంకో కారణం ఉంది. ఒక గొలుసులో (పేరు వద్దులెండి) షెల్ఫ్ చీటీ మీద కార్డు లాభం అని ఉన్న సరుకుకు బిల్లులో ఏమీ పడకపోవడం మాకు పదే పదే ఎదురైంది. ఒకసారి పాత చీటీ తీయకపోవడం వల్ల, ఇంకోసారి అదే కంపెనీ 250 గ్రాముల ప్యాకెట్‌కే ఆఫర్, 500కి లేదనడం వల్ల. 'అక్యోయ్' అని బోర్డు ఉన్న రిసెప్షన్ కౌంటర్‌కి వెళ్లి, బిల్లు, షెల్ఫ్ చీటీ ఫొటో చూపిస్తే చాలాసార్లు సరిచేశారు. ముందు 'బోన్‌జూర్' చెప్పాలి. ఆ మాట లేకుండా నేరుగా ఫిర్యాదు మొదలుపెడితే పని సగం చెడినట్టే.

అదే గొలుసు బోర్డు ఉన్నా దుకాణం సైజును బట్టి ధరలు మారతాయి. ఊరి బయట పెద్ద కార్‌ఫూర్‌కి, మెట్రో పక్కన కార్‌ఫూర్ సిటీకి పోలిక లేదు. ఆఫర్లూ అన్నిచోట్లా ఒకటి కావు. కారు లేనివాళ్లు ఇంటి పక్క చిన్న దుకాణంలో కార్డు పట్టుకుని తిరిగే కన్నా, వారానికోసారి బస్సెక్కి పెద్ద దుకాణానికి వెళ్లడం మేలు.

నెలకు ఇంత అని కడితే బిల్లులో 10 శాతం తగ్గించే చందాలు కూడా ఉన్నాయి, మోనోప్రీలో ఇలాంటిది చూశాను. చందా 10 యూరోలైతే మొదటి 100 యూరోల కొనుగోలు చందా రాబట్టుకోవడానికే సరిపోతుంది. మోనోప్రీలో అసలు ధరలే పైన ఉంటాయి. ప్యారిస్ నడిబొడ్డున ఉంటూ, వేరే దారి లేనివాళ్లకే అది.

ఉద్యోగస్తులకు నేను తప్పక చెప్పేది టికెట్ రెస్టో, అంటే కంపెనీ ఇచ్చే భోజనం కూపన్ల సంగతి. 2022 అక్టోబర్ నుంచి దాన్ని రోజుకు 25 యూరోల దాకా వాడుకోవచ్చు, సూపర్‌మార్కెట్‌లో ఆహారం కొనడానికి పనికొస్తుంది కానీ సబ్బులు, షాంపూలకు చెల్లదు. కాబట్టి ఆహారం బిల్లు టికెట్ రెస్టోతో కట్టి, సబ్బుల వాటా కాన్యోత్‌తో తీర్చేస్తే జేబులోంచి పోయేది బాగా తగ్గుతుంది. టికెట్ రెస్టోతో కట్టినప్పుడు కూడా మాకు కార్డులో డబ్బు పడింది.

అప్పుడప్పుడు కత్తులు, పెనాల కోసం స్టిక్కర్లు ఇస్తారు. అవి అంటించే పుస్తకం నిండాక కూడా కొంత డబ్బు కడితేనే పెనం వస్తుంది. మాకు వచ్చిన ఒక పెనం మీద దోసె అంటుకోకుండా లేచింది, కాబట్టి ఫిర్యాదు లేదు.

మీరేం కొంటున్నారో దుకాణానికి తెలుస్తుందన్నది నిజమే. ఫారం నింపేటప్పుడు ప్రకటనలు పంపమనే బాక్సులకు టిక్ పెట్టకపోతే మెయిల్ బెడద తగ్గుతుంది. మీ వివరాలు చూపించమని, తీసేయమని అడిగే హక్కు 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా చట్టం ఇస్తుంది. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. ఏదైనా సరుకులో లోపం తేలి వెనక్కి పిలిపిస్తే, కార్డు ఉన్నవాళ్లకు దుకాణం కబురు పంపగలదు. పిల్లలున్న ఇంట్లో నాకది చిన్న విషయంగా అనిపించలేదు. కార్డు లేనివాళ్లు 2021లో ప్రభుత్వం పెట్టిన రప్పెల్ కోన్సో సైట్ చూసుకోవాలి.

దుకాణాలు చేతులు మారుతుంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. 2024లో కాసినో తన పెద్ద దుకాణాల్లో చాలావాటిని ఇంటర్‌మార్షే, ఓషాన్, కార్‌ఫూర్‌లకు అమ్మేసింది. అదే ఏడాది కోరా గొలుసును కార్‌ఫూర్ కొనేసింది. మీ దుకాణం బోర్డు మారుతోందని వినగానే పోగైన యూరోలు ఖర్చు పెట్టేయండి. ఇల్లు మారుతున్నా, ఇండియాకి తిరిగి వెళ్తున్నా అదే పని చేసి, ఆ తర్వాత యాప్‌లో ఖాతా తీసేయించుకోండి. మా ఇంట్లో ఇప్పుడు మిగిలినవి రెండే. వారం సరుకులకు దగ్గర్లో ఉన్న పెద్ద దుకాణం కార్డు, కూరగాయలకు లిడిల్ యాప్.