మా ఊరి ఫిల్టరు నీళ్లు: పదేళ్లు తాగాక

మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో సామూహిక నీటి శుద్ధి కేంద్రం పెట్టి పదేళ్లు దాటింది. మొదటి రోజు వరుసలో నిలబడ్డాను, ఈ రోజు పొద్దున కూడా డబ్బా నింపుకొని వచ్చాను.

బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మా మేనత్తకు యాభై ఏళ్లకే నడుం వంగిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే ఒళ్లంతా పక్కకు తిప్పాల్సి వచ్చేది. ఆమెకు బోరు నీళ్లు మరిగించి ఇచ్చేవాళ్లం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదనీ, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే కేంద్రానికి తాళం కనబడితే నాకు గుండె దడ.

ఇప్పటికి మూడుసార్లు మూతపడింది. ఒకసారి కమిటీ మారినా బ్యాంకులో సంతకాలు మారలేదు. డబ్బుండీ కరెంటు బిల్లు కట్టలేకపోయారు. ఇంకోసారి నాలుగు నెలలు జీతం రాక, నడిపే అబ్బాయి హైదరాబాద్ వెళ్లిపోయాడు. యంత్రం మొరాయించింది ఒక్కసారే, నీళ్లను వడగట్టే పొర, మెంబ్రేన్, పోయి. డబ్బాకు అయిదు రూపాయలు తీసుకుంటూ, మెంబ్రేన్ కోసం పైసా పక్కన పెట్టలేదు. కట్టించినవాళ్లు ఆ లెక్క ఎవరికీ చెప్పి వెళ్లలేదు.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది: నల్లగొండ టెక్నిక్. దానికీ రోజూ కొలిచి కలిపే మనిషి, అడుగున చేరిన మడ్డి తీసే మనిషి కావాలి.

మహిళా సంఘం చేతికి వచ్చాకే మా కేంద్రం నిలదొక్కుకుంది. గోడకు మేకుకు వేలాడే నోటు పుస్తకంలో ఎడమవైపు ఆ రోజు డబ్బాలు, కుడివైపు మీటరు రీడింగు, కింద ఒక సంతకం, ఒక వేలిముద్ర. నెల మొదటి ఆదివారం అందరి ముందూ చదువుతారు. అబ్బాయి జీతం తీశాకే మిగతా ఖర్చు.

నా బాధ తండా గురించి. కేంద్రం ఊరి నడిమధ్య కట్టారు, తండా రెండు కిలోమీటర్లు. చోటు ఎంచేటప్పుడు అక్కడివాళ్లను ఎవరూ పిలవలేదు. నేనూ గుర్తు చేయలేదు. బండి లేని ముసలివాళ్లు ఏళ్ల తరబడి బోరింగు నీళ్లే తాగారు. ఇప్పుడు ఆటో వెళ్తోంది గానీ అక్కడ డబ్బా పది రూపాయలు. ఊళ్లో ధర ఒక్క రూపాయి పెంచి తండాకూ అదే ధరకు ఇద్దామని ప్రతి సమావేశంలో అడుగుతున్నాను.

ఇంకొకటి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరు చూపించి నీళ్లు బాగున్నాయంటారు. అందులో ఫ్లోరైడ్ విడిగా తెలియదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో చెప్పాలంటే వేరే పరీక్ష చేయించాలి. బోర్డు మీద చివరి పరీక్ష తేదీ నిరుటిది. ఈ ఆదివారం సమావేశానికి నీళ్ల సీసా నింపుకొని వెళ్తున్నాను.