లారీ పట్టాల షాపులో పడవ పక్క

వైజాగ్ వన్‌టౌన్‌లో లారీ పట్టాలు, షామియానాలు కుట్టే చిన్న షాపు గురించి ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. కింద రెండు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఐదుకి నాలుగు ఇస్తున్నా.

మేం కుట్టించుకున్నది లీ క్లాత్. తెరచాప పడవ గాలికి ఒక పక్కకి ఒరిగి పోతుంటుంది కదా, అప్పుడు లోపల పైకి లేచిన వైపు బల్ల మీద పడుకున్నవాడు దొర్లి కింద పడకుండా ఆపే గుడ్డ గోడ ఇది. అడుగు అంచుని పరుపు కింద బల్లకి బిగిస్తారు, పై అంచుని తాళ్లతో లాగి కడతారు, అంతే. మాది నాలుగున్నర అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. ఈమాత్రం గుడ్డకి ఇంత రివ్యూ ఏంటి అంటారేమో. పడవలో ఇద్దరే ఉంటే తెలుస్తుంది.

2017-18లో మన నేవీ తెరచాప పడవ తారిణి మీద భూమి చుట్టి వచ్చినవాళ్లు ఆరుగురు, వాళ్లలో మన వైజాగ్ నుంచి లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఉన్నారు. ఆరుగురుంటే ఇద్దరు పైన కాపలా కాసినా నలుగురు పడుకోవచ్చు. అదే తారిణి మీద 2024 అక్టోబర్ 2న నేవీ ఆఫీసర్లు దిల్నా, రూప ఇద్దరే గోవా నుంచి బయల్దేరి, మధ్యలో నాలుగు రేవుల్లో ఆగి, 2025 మే 29న తిరిగొచ్చారు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఒకరు మేలుకుంటేనే ఇంకొకరికి నిద్ర. ఇక ఆరున్నర మీటర్ల పడవలో ఒక్కరే అట్లాంటిక్ దాటే మినీ ట్రాన్సాట్ రేసు వాళ్లయితే ఆటోపైలట్‌కి వదిలేసి, అలారం పెట్టుకుని, ఇరవై నిమిషాల కునుకులతో నెట్టుకొస్తారు. నాకూ నా ఫ్రెండ్‌కీ ఎప్పటికైనా ఇద్దరం కలిసి అలాంటి రేసు ఒకటి చెయ్యాలని ఉంది. ప్రస్తుతానికి మా స్థాయి కాకినాడ.

షాపాయన నేను గీసుకెళ్లిన బొమ్మ చూసి, “ఇదేటి బాబూ, ఉయ్యాలా?” అన్నాడు.

“కాదు బాబాయ్, నేనే పడుకోవాలి.”

“మరి తలకాడ ఇంత ఎత్తేటి, ఊపిరాడదు” అని తనే సుద్దముక్కతో ఆ మూల ఏటవాలుగా గీసి కోసేశాడు. నేను ఇంటర్నెట్‌లో వారం రోజులు చూసి గీసుకున్న కొలత అది! ఆయన చెప్పిందే కరెక్ట్. ఐలెట్లు, అంటే తాళ్లు దూర్చే రింగులు, పడే చోట గుడ్డ మడతపెట్టి, లోపల బెల్టు పట్టీ వేసి కుట్టాడు, ఇది నేను అడగలేదు. ఐలెట్లు ఇత్తడివే వేశాడు. మొత్తం 1,400 రూపాయలు.

ఇక ఫిర్యాదులు. గురువారం ఇస్తానన్నది పదకొండు రోజులు పట్టింది, ఫోన్ చేసినప్పుడల్లా “అయిపోయింది, మడతెట్టడమే” అనేవాడు. రెండోది అసలైనది. మందం దారం అయిపోతే అడుగు అంచుని మామూలు దారంతో లాగించేశాడు, నాకు చెప్పలేదు, నేనూ చూసుకోలేదు.

జనవరిలో ఈశాన్యం గాలి కాబట్టి కాకినాడ వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, హాయిగా పోయాం. తిరుగు ప్రయాణంలోనే ఉంటుంది అసలు సంగతి. గాలికి ఎదురు, పడవ ఒరిగే ఉంటుంది, మూడు గంటలు నువ్వు, మూడు గంటలు నేను. ఇక్కడ ఆ ఇరవై నిమిషాల కునుకులు కుదరవు. వేట పడవలు కొన్ని మనం దగ్గరికెళ్లేదాకా లైటు వెయ్యవు, వైజాగ్ దగ్గర పడేకొద్దీ రేవు బయట లంగరేసిన ఓడలు. నా వంతు నిద్రలో రెండు గంటలు చచ్చినట్టు పడుకున్నాను, ఒరిగిన పడవలో అంత నిద్ర నాకెప్పుడూ పట్టలేదు. తర్వాత టర్రుమని అడుగు కుట్టు మొత్తం ఊడి, పరుపుతో సహా కింద, వంట స్టవ్ పక్కన తేలాను. పైనుంచి మావాడు “ఏరా, బతికున్నావా?” అని అరిచి, నవ్వుతూనే ఉన్నాడు డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ కనబడేదాకా.

పట్టుకెళ్లి చూపిస్తే పెద్దాయన వాదించలేదు. అక్కడే కూర్చోబెట్టి నైలాన్ దారంతో మూడు వరసలు కుట్టిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. తర్వాత రెండు రాత్రులు వాడాం, కదల్లేదు. రెండో బల్లకి కూడా ఆయనకే ఇచ్చాను.

మీరూ వెళ్తే దారం మీ కళ్లతో చూసుకుని అడ్వాన్స్ ఇవ్వండి. ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వెళ్లొద్దు, పట్టాల మీద పడుకుని ఉంటాడు.