గ్రాఫు ఎటు జరుగుతుంది: మారతహళ్ళిలో నాలుగు ఆదివారాల గణిత తరగతి

మా అమ్మాయి బెంగళూరులో పీయూసీ (మన ఇంటర్ వంటిది) రెండో సంవత్సరం చదువుతోంది. పరావలయం గీయడం తనకు బాగానే వచ్చు. కానీ ఎక్స్ వర్గం గ్రాఫు ఇచ్చి, దాని నుంచి (ఎక్స్ − 3) వర్గం గ్రాఫు గీయమంటే మాత్రం ప్రతిసారీ మూడు గడులు ఎడమకు జరిపేది. మైనస్ ఉన్నప్పుడు ఎడమకే కదా వెళ్ళాలి అని వాదించేది. కర్ణాటకలో పీయూసీకి వాడే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో మాడ్యులస్ (రుణ గుర్తు తీసేసిన విలువ), సిగ్నమ్ (సంఖ్య గుర్తును మాత్రమే చెప్పేది) వంటి ప్రమేయాల (ఫంక్షన్ల) గ్రాఫులు ఒక్కొక్కటిగా ఉన్నాయి గానీ, ఒక గ్రాఫు నుంచి మరో గ్రాఫును రాబట్టే పద్ధతికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం లేదు. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీలో, జేఈఈలో ఆ పద్ధతి తెలిసిన విద్యార్థికి ఎంతో సమయం కలిసి వస్తుంది. అందుకే మారతహళ్ళిలో ఒక తెలుగు మాస్టారు తన ఇంటి మేడమీద ఈ ఒక్క అంశానికే నడుపుతున్న తరగతిలో తనను చేర్పించాను. నాలుగు ఆదివారాలు, పూటకు రెండు గంటలు, మొత్తం రుసుము 2,400 రూపాయలు.

మొదటి రోజు తల్లిదండ్రులను కూడా కూర్చోనిచ్చారు. మాస్టారు సూత్రంతో మొదలుపెట్టలేదు. సిల్క్ బోర్డు వైపు వెళ్ళే బస్సు మూడు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరి, ఆ తరువాత ఎప్పటి వేగంతోనే నడిచిందనుకోమన్నారు. ఎనిమిది గంటలకు ఉండవలసిన చోట అది ఎనిమిదీ మూడుకు ఉంటుంది. అంటే ఇప్పుడు బస్సు ఎక్కడుందో తెలియాలంటే పాత సమయపట్టికలో మూడు నిమిషాలు వెనక్కి వెళ్ళి చూడాలి. ఆ వెనక్కి చూడడమే కుండలీకరణంలోని మైనస్ 3. గ్రాఫు మీద మాత్రం ప్రతి బిందువూ మూడు నిమిషాలు ఆలస్యంగా, అంటే కుడివైపున పడుతుంది. ఏళ్ళ తరబడి నేను బట్టీ పట్టి గుర్తుంచుకున్న నియమానికి కారణం నాకు ఆ రోజే అర్థమైంది. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ మా అమ్మాయి, "నాన్నా, ప్లస్ అంటే బస్సు ముందే వచ్చేసినట్టన్నమాట" అంది.

ఈ తరగతిలో నాకు అన్నింటికంటే నచ్చింది రెండో ఆదివారం. ప్రతి విద్యార్థికీ ఒక ట్రేసింగ్ కాగితం, ఒక వెడల్పాటి రబ్బరు పట్టీ ఇచ్చారు. కాగితం మీద వక్రాన్ని ఎత్తి రాసుకొని జరిపితే స్థానం మారుతుంది తప్ప ఆకారం మారదని, తిరగేస్తే అక్షం మీద ప్రతిబింబం వస్తుందని పిల్లలు చేతులతోనే తెలుసుకున్నారు. సాగదీయడం కాగితంతో సాధ్యం కాదు కనుక దానికి రబ్బరు పట్టీ. సున్నా దగ్గర వేలితో నొక్కిపట్టి లాగితే, సున్నాకు దూరంగా ఉన్న గుర్తులు ఎక్కువగానూ, దగ్గరివి తక్కువగానూ కదిలాయి. ఆ తరువాత (2ఎక్స్ − 6) వర్గం ఇచ్చారు. ముందు సగానికి కుదించి, ఆపై ఆరు గడులు జరిపినవారికి శీర్షం, అంటే వక్రపు అట్టడుగు బిందువు, 6 దగ్గర పడింది. ముందు జరిపి, తరువాత కుదించినవారికి 3 దగ్గర పడింది. ఏది సరైనదో ఆయన చెప్పలేదు. కుండలీకరణం లోపలి విలువ ఎప్పుడు సున్నా అవుతుందో చూసుకోమన్నారు, అంతే. 2ను బయటికి తీసి 2(ఎక్స్ − 3)గా రాసుకుంటే, కుదించిన తరువాత జరపవలసింది మూడే గడులని పిల్లలే తేల్చారు.

మూడో వారమంతా త్రికోణమితీయ ప్రమేయాలకే సరిపోయింది. సైన్ (2ఎక్స్ − 60°) గ్రాఫు 60 కాక 30 డిగ్రీలే జరగడానికి కారణం కూడా అదే కనుక తరగతి చకచకా సాగింది. గ్రాఫులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ జియోజెబ్రాను చేత్తో గీసిన తరువాత సరిచూసుకోవడానికి మాత్రమే వాడనిచ్చారు. కాలిక్యులేటర్‌ను కూడా అనుమతించని పరీక్షలకు తయారవుతున్న పిల్లలకు ఆ కట్టుబాటు అవసరమని నా అభిప్రాయం.

లోపం నాలుగో ఆదివారంలో ఉంది. మాడ్యులస్‌ను ప్రమేయం మొత్తానికి వేయడం, లోపల ఉన్న ఎక్స్‌కు మాత్రమే వేయడం అనేవి పూర్తిగా వేరువేరు పనులు. ఎక్స్ వర్గం − 4ఎక్స్ + 3 తీసుకుంటే, మొదటి పనిలో 1కీ 3కీ నడుమ ఎక్స్ అక్షం కిందికి దిగిన భాగం పైకి లేస్తుంది. రెండో పనిలో వై అక్షానికి ఎడమవైపు భాగం చెరిగిపోయి, కుడివైపు భాగపు ప్రతిబింబం దాని స్థానంలోకి వస్తుంది, 1, 3లతో పాటు −1, −3 కూడా మూలాలవుతాయి, అంటే అక్కడ కూడా విలువ సున్నా అవుతుంది. సాధనల సంఖ్య అడిగే ప్రశ్నలకు ఇది ఆయువుపట్టు. ఇంత ముఖ్యమైన విషయాన్ని చివరి నలభై నిమిషాలలో ముగించడం నాకు బాధ కలిగించింది. వెనుక వరుసలోని పిల్లలు గీయడం పూర్తిచేయకముందే బోర్డు తుడిచేశారు. సీఈటీలో గణితానికి 80 నిమిషాలలో 60 ప్రశ్నలుంటాయి. అయినా గడియారం పెట్టుకొని అభ్యాసం చేయించడం అసలే జరగలేదు.

ఈ రెండు మాటలూ మాస్టారుతో నేరుగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, వచ్చే బ్యాచ్ నుంచి మాడ్యులస్‌కు అయిదో ఆదివారం కేటాయిస్తానని, పాత బ్యాచ్ పిల్లలు రుసుము లేకుండా వచ్చి కూర్చోవచ్చని అన్నారు. పరీక్షకు రెండు నెలలైనా వ్యవధి ఉన్నవారు నిస్సంకోచంగా చేరవచ్చు. మా అమ్మాయి ఆ అయిదో ఆదివారం కోసం తన ట్రేసింగ్ కాగితాన్ని మడత పడకుండా నోటు పుస్తకంలో దాచుకుంది.