రూ.420 డైరీ, ఏడాది వాడకం తరువాత

2024 డిసెంబరులో విశాఖ డాబాగార్డెన్స్‌లోని ఒక స్టేషనరీ దుకాణంలో 420 రూపాయలకు కొన్న 2025 డైరీని ఇంచుమించు ప్రతిరోజూ వాడాను. మామూలు డైరీలకు ఇది భిన్నమని అట్ట మీదే రాసుకున్నారు. మొదట్లో ఏడాది లక్ష్యాలకు రెండు పేజీలు, ప్రతి నెల చివర ‘ఈ నెల నేను సాధించినవి’ అనే శీర్షిక కింద అంకెలు వేసిన పది గీతలు, ఆఖరున సంవత్సరం మొత్తానికి మార్కులు వేసుకునే పట్టిక ఉన్నాయి. ఆ పేజీలను చూసే కొన్నాను. ఇప్పుడు నా ఫిర్యాదు కూడా వాటి మీదే.

ముందుగా కాగితం సంగతి. జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలోకి మచ్చ దిగుతుంది. విశాఖ ఉక్కపోతలో, ముఖ్యంగా మే నెలలో, అరచెయ్యి ఆనిన చోటల్లా అక్షరాలు అలుక్కుపోయాయి. బాల్ పెన్నుకు మారాక ఆ బాధ తప్పింది. మొంథా తుఫాను తీరం దాటిన అక్టోబరు 28 రాత్రి కిటికీ దగ్గర మరిచిపోవడంతో అంచులు తడిసి, ఆరిన తరువాత ఆ నెల పేజీలు వేయించిన అప్పడాల్లా వంకర తిరిగాయి గాని, కుట్టు బైండింగు కావడం వల్ల ఒక్క కాగితమూ ఊడి రాలేదు. జిగురుతో అతికించిన డైరీలు ఉగాది నాటికే విడిపోవడం చూసిన నాకు ఈ ఒక్క విషయంలో ధర ఎక్కువనిపించలేదు.

శని, ఆదివారాలకు కలిపి ఒకే పేజీ కేటాయించడం మాత్రం తీరిక ఎప్పుడు దొరుకుతుందో తెలియని వారు చేసిన పని. ఈసారి ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. విశ్వావసు నామ సంవత్సరం నా డైరీలో అర పేజీలో మొదలైంది. ప్రధాని పాల్గొన్న యోగా దినోత్సవానికి తెల్లవారకముందే లేచి ఆర్కే బీచ్‌కు వెళ్లిన జూన్ 21 శనివారం. దానికీ అర పేజీయే.

ఇక అసలు విషయానికి వస్తాను. నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కు కాస్త దూరంగా గట్టు మీద కూర్చుని డైరీని మొదటి నుంచి చదివాను. ఆగస్టు చివరి పేజీలో, పది గీతలకూ అడ్డంగా, ‘చెప్పుకోదగ్గవి లేవు’ అని నా చేతిరాతే ఉంది. నాలుగు కాగితాలు వెనక్కి తిప్పితే అదే నెల ఒక మామూలు రోజున, పాల లెక్కకూ గ్యాస్ బుకింగ్‌కూ మధ్య, ‘అమ్మ గాజులు విడిపించాను’ అని ఉంది. తమ్ముడి ఫీజు కోసం 2022లో తాకట్టు పెట్టినవి అవి. మూడేళ్లు వడ్డీ కట్టి తెచ్చుకున్న ఆ గాజులు నెలాఖరుకు నాకు ఎందుకు గుర్తుకు రాలేదా అని చాలాసేపు ఆలోచించాను. నేను పద్దులు రాసే ఉద్యోగంలో ఉన్నాను. మా లెక్కల్లో అప్పు తాలూకు అసలు తీర్చడం లాభనష్టాల ఖాతాలోకి రాదు, ఆస్తి అప్పుల పట్టీలోనే కనబడుతుంది. ఈ డైరీ తయారు చేసిన వారు నెలనెలా లాభనష్టాల ఖాతా మాత్రమే అడిగారు. ‘సాధించినవి’ అన్న మాట చూడగానే నాకు ప్రమోషన్లూ బహుమతులే తోచాయి.

జూలైలో అయితే పేజీ నింపడానికి తంటాలు పడ్డాను. 9వ తేదీన సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను. కొండ దిగువన మెట్లు మొదలయ్యే తొలిపావంచా నుంచి హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ దిగువకు చేరేసరికి సుమారు 32 కిలోమీటర్లు. ఆనాటి పేజీలో ‘పూర్తయింది, ఎడమ మడమకు బొబ్బ’ అని మాత్రమే ఉంది, అది నిజం. నెలాఖరు పేజీలో అదే నడక ‘శారీరక దారుఢ్యం, సంకల్పబలం, సమయపాలన’ అని మూడు గీతలుగా పెరిగింది. గీతలు ఖాళీగా ఉంటే మనిషి అబద్ధమాడతాడని నాకు అనుభవంలోకి వచ్చింది.

లక్ష్యాల పేజీలో 24 పుస్తకాలు చదువుతానని రాశాను, చదివినవి 11. అది నా లోపమే, డైరీది కాదు. చివరి పట్టికలో ఆరోగ్యం, ఆదాయం, ఉద్యోగం, కుటుంబం అని నాలుగు గళ్లిచ్చి పదికి మార్కులు వేసుకోమన్నారు. మొదటి మూడూ తేలికగానే నింపాను. కుటుంబం గడిలో ముందు 6 వేసి, కొట్టేసి 8 వేసి, దాన్నీ కొట్టేశాను. ఆ గడి ఇప్పుడు నల్లగా ఉంది.

తేదీ వేసిన రోజువారీ పేజీల కోసమైతే ఈ డైరీని నిస్సంకోచంగా కొనవచ్చు. నెలాఖరు పేజీని శీర్షిక లేకుండా, అంకెలు లేకుండా తెల్లగా వదిలి ఉంటే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి. 2026 ప్రతిని దుకాణంలో తిరగేసి చూశాను: ధర 40 రూపాయలు పెరిగింది, పది గీతలు పన్నెండయ్యాయి, శని ఆదివారాలు అలాగే ఇరుక్కుని ఉన్నాయి. దాన్ని అక్కడే పెట్టి, గీతల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చుకున్నాను. తేదీలు నేనే వేసుకుంటున్నాను. ఫిబ్రవరి దాకా అయ్యాయి, ఆదివారానికి పూర్తి పేజీ ఇచ్చాను.